ఏడో నంబరు హద్దురాయి కోసం కోస్గి దాకా

నల్గొండ బస్టాండులో ఉదయం ఆరుంబావుకు మహబూబ్‌నగర్ బస్సు ఎక్కాం. మేం అంటే నేనూ, జబ్బార్ భాయ్. నేను రిటైరైన భూగోళం టీచర్ని, ఆయనది ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం. మా చిన్న భూ ట్రస్టుకు నేను కార్యదర్శిని, ఆయన కోశాధికారి. కోస్గికి అవతల ఒక గుట్ట, దాని కింద నలభై ఎకరాల గడ్డి భూమి మా ట్రస్టు పేర ఉన్నాయి. ఎవరూ దున్నకూడదు, తవ్వకూడదు, అమ్మకూడదు అన్న షరతు మీద ఒక పెద్దమనిషి రాసిచ్చి పోయాడు. ట్రస్టు గుర్తింపును ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అది పోతే భూమి వారసులకు తిరిగి వెళ్తుందని దానపత్రంలోనే ఉంది. వారసులకు ఆ గుట్టను చూస్తే కంకర తప్ప ఇంకేమీ కనిపించదు.

దరఖాస్తుకు ఆ రోజే ఆఖరు. సాయంత్రం ఆరులోపు ఆన్‌లైన్‌లో పంపాలి. పదకొండు హద్దురాళ్లలో ఒక్కోదాని పక్కన ట్రస్టు సభ్యుడు నిలబడి దిగిన ఫొటో కావాలన్న సంగతి నేను రెండు రోజుల ముందే చదివాను. అందుకే ఈ ప్రయాణం.

నాది ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు. డబ్బులిచ్చి కొన్న తన టికెట్టు నా టికెట్టు కంటే పొట్టిగా ఉందని జబ్బార్ భాయ్ దేవరకొండ దాకా బాధపడ్డాడు. పేజీలు మడత పడతాయని ఫైలును ఒళ్లో పసిపిల్లలా పెట్టుకున్నాడు. అదేం ఫైలని కండక్టర్ అడిగితే అంతా వివరించాడు. కండక్టర్ ఫైలును ఎత్తి బరువు చూసి, "ఒక్క గుట్టకు గిన్ని కాయితాలా? నా పెండ్లి ఒక్క కార్డుతోని అయిపోయింది," అన్నాడు.

దేవరకొండలో టీ, కల్వకుర్తిలో నాలుగేసి మిరపకాయ బజ్జీలు. పదకొండు కావస్తుండగా మహబూబ్‌నగర్‌లో దిగి, కోస్గి బస్సు పట్టుకుని, ఒంటిగంటకు చేరాం. మెస్సులో అన్నం, పప్పు, గోంగూర. వెళ్లేవాళ్లు రెండులోపే తినండి, ఆ తర్వాత చారు మాత్రమే మిగులుతుంది. అక్కడినుంచి గుట్టకు ఆటో మాట్లాడుకున్నాం.

మొదటి ఆరు రాళ్లూ దొరికాయి. ప్రతి రాయి దగ్గరా జబ్బార్ భాయ్ జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాకే ఫొటో తియ్యనిచ్చాడు. ఏడో రాయి ఉండాల్సిన చోట మాత్రం గడ్డి ఉంది. ఫోన్లో మ్యాపు తెరిస్తే నీలంగా కనిపించింది. ఫోను లెక్కన మేమిద్దరం చెరువులో నిలబడి ఉన్నాం. జబ్బార్ భాయ్ ప్యాంటు కొంచెం పైకి లాక్కున్నాడు.

నా గుండెలో రాయి పడింది. అరగంట వెతికాం. చివరికి రెండు వందల అడుగుల అవతల తుమ్మచెట్టు నీడలో ఒక ముసలాయన, చుట్టూ గొర్రెలు కనిపించాయి. అడుగుదామని దగ్గరికెళ్తే, ఆయన పిక్కల మధ్యనుంచి ఎర్ర రంగు ఏడు అంకె కనిపించింది. మా హద్దురాయి మీద కూర్చున్నాడు.

పేరు బీరయ్య. ఈ గుట్ట కింద నలభై ఏళ్లుగా గొర్రెలు మేపుతున్నాడు. మేమెవరమో చెప్పి, రాయి ఇక్కడికెలా వచ్చిందని అడిగాను.

"నీడ ఎటు పోతే అటు జరుపుకుంటున్న, టీచరమ్మా. పొద్దుగాల ఆ మోదుగ కింద, పగటీలి గీ తుమ్మ కింద. పీట ఎత్తున్నది, మంచిగున్నది."

అంటే మా ట్రస్టు భూమి పొద్దున పెరుగుతోంది, మధ్యాహ్నం తరుగుతోంది. నాకు కోపం రావాలి గానీ నవ్వొచ్చింది. జబ్బార్ భాయ్‌కి మాత్రం చెమటలు పట్టాయి.

అసలు చోటు బీరయ్యకు తెలుసు. రాయి తీసిన గుంతలో తన గొర్రె కాలు విరిగిందని, తానే మట్టితో పూడ్చానని చెప్పి, నేరుగా వెళ్లి కర్రతో పొడిచి చూపించాడు. మట్టి మెత్తగా దిగింది. రాయిని దొర్లించుకెళ్లి నిలబెట్టబోతే ఆయన అడ్డం వచ్చి, మరి తానెక్కడ కూర్చోవాలని అడిగాడు. న్యాయమే. గుట్ట కింద రాళ్లకు కొదవ లేదు గానీ ఆయన సామాన్యంగా ఒప్పుకోలేదు. ఒక్కో దాని మీద కూర్చుని కళ్లు మూసుకునేవాడు. మొదటిది గుచ్చుకుంది. రెండోది ఒక పక్కకు వాలింది. మూడోదాని మీద జబ్బార్ భాయ్ కూడా కూర్చుని చూసి, బాగుందని ధ్రువీకరించాడు. బీరయ్య ఆయన నడుము కేసి చూసి, మన కొలతలు వేరన్నాడు. ఐదోది నచ్చింది. దాన్ని చెట్టు కిందికి చేర్చడానికి ఆటోవాలాను కూడా పిలవాల్సి వచ్చింది.

మిగతా ఫొటోలు తీసుకుని కూర్చున్నాక, ఫైలులోంచి దరఖాస్తు చిత్తుప్రతి తీసి, ముప్ఫై ఒకటో ప్రశ్న దగ్గర ఆగాను. ఈ ఐదేళ్లలో హద్దు గుర్తులు కదిలాయా? ఇప్పుడు రాయి దాని చోటనే ఉంది కాబట్టి లేదని రాసేయమన్నాడు జబ్బార్ భాయ్. నిజం చెప్పాలంటే నా పెన్ను కూడా అటే వెళ్తోంది. ఏం రాస్తున్నారని బీరయ్య అడిగితే చదివి వినిపించాను.

"ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి. బీరయ్య జరిపిండని నా పేరు రాయి. రాయి కదిలింది గని గుట్ట కదల్లేదు గద."

తర్వాత మామూలు ముచ్చటలాగే ఇంకో సంగతి చెప్పాడు. మొన్న ఎండాకాలంలో కొందరు జేసీబీ తెచ్చి సున్నంతో గీతలు గీస్తుంటే, ఈయన ఆ రాయిని దొర్లించుకెళ్లి బండి ముందు వేసుకుని, గొర్రెల మధ్యలో పొద్దుగూకేదాకా కూర్చున్నాడట.

"హద్దు గీడనే ఉన్నదన్న. నా మీదికెల్లి తోలుతరా అన్న. ఎల్లిపోయిండ్రు."

నేను మళ్లీ దరఖాస్తు కేసి చూశాను. ముప్ఫై రెండో ప్రశ్న, భూమిని ఏడాదికి ఎన్నిసార్లు పరిశీలిస్తారు అని. అక్కడ రెండుసార్లు అని ముందే టైపు చేసి ఉంది. మోకాళ్ల నొప్పులని చెప్పి రెండేళ్లుగా నేను ఊరివాళ్లకు ఫోన్ చేసి పరిశీలన అయిందనిపించాను. నేను ఫోన్లో పరిశీలించిన ఆ ఎండాకాలమే జేసీబీ వచ్చిపోయింది.

కోస్గి నెట్ సెంటర్లో కూర్చుని రెండు జవాబులూ మార్పించాను. హద్దు గుర్తు కదిలింది, రోజుకు రెండుసార్లు. కారణం, నీడ. పరిశీలన: కార్యదర్శి రెండేళ్లుగా రాలేదు, బీరయ్య రోజూ వస్తాడు. జేసీబీ సంగతి కూడా వివరంగా రాయించాను. ఇది పంపితే గుర్తింపు పోతుందని జబ్బార్ భాయ్ తల పట్టుకున్నాడు. నెట్ సెంటర్ ఆయన మాత్రం రెండోసారి చదివి, ఫీజు తీసుకుంటూ, ఫలితం వస్తే తనకూ చెప్పమన్నాడు. ఆరుకు పన్నెండు నిమిషాలుండగా పంపాం. ఆ రాత్రి మహబూబ్‌నగర్‌లో జబ్బార్ భాయ్ చెల్లెలింట్లో ఉన్నాం. ఖీమా బాగుంది, ఆయన మాత్రం తినలేదు.

మర్నాడు పదకొండున్నరకు నల్గొండ బస్సులో, జడ్చర్ల దాటాక, గుర్తింపు సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. రోజుకు రెండుసార్లు అన్నది టైపింగ్ తప్పా అని ఒకావిడ అడిగింది. బస్సు మోతకు నా మాట వినపడక, గొర్రెల కాపరి కూర్చోవడానికి మేడం, అని గట్టిగా అరవాల్సి వచ్చింది. బస్సంతా నా వైపు తిరిగింది. ఆవిడ ఆ మాటలే పైకి పలుకుతూ రాసుకుంది. తర్వాత, ఆయన వాంగ్మూలం వేలిముద్రతో పంపమని, కార్యదర్శి ఇకమీదట ఏడాదికి మూడుసార్లు స్వయంగా వెళ్తానని రాసివ్వమని, మిగతా ఫైలు సరిపోయిందని చెప్పింది. ఆ రెండు కాగితాలూ పంపిన నెలకు గుర్తింపు పత్రం వచ్చింది.

ఫోన్ పెట్టేశాక జబ్బార్ భాయ్‌కి ఆకలి గుర్తొచ్చింది. బస్సెక్కినప్పటి నుంచీ మా మాటలు వింటున్న ముందు సీటు పెద్దమ్మ వెనక్కి తిరిగి, గుట్ట దక్కిందా అని అడిగింది. దక్కినట్టే ఉందన్నాను. మంచిదని, ఒడిలోని సంచి విప్పి, మా చేతుల్లో చెరో గుప్పెడు ఉడకబెట్టిన పల్లికాయలు పోసింది. కల్వకుర్తి వచ్చేదాకా ముగ్గురం ఒలుచుకు తింటూ కూర్చున్నాం. కిటికీలోంచి రాళ్ల గుట్టలు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి పోతున్నాయి. ముప్ఫై ఏళ్లు పిల్లలకు గుట్టల పాఠం చెప్పినప్పుడు ఎన్నడూ చూడనంత శ్రద్ధగా వాటి కింద ఎవరైనా ఉన్నారేమోనని చూస్తూ వచ్చాను.