సత్తయ్య చేతిలో నేను చూడని రాయి

ఆ రోజు సత్తయ్య చేతిలో నేను రాయి చూడలేదు. చూశానని విచారణ కమిషన్ ముందు ప్రమాణం చేసి చెప్పాను. గత శుక్రవారం బోరబండలోని ఇంట్లో గుండెపోటుతో ఆయన కన్నుమూశారన్న కబురు డబ్బింగ్ థియేటర్లో విన్నాను. ఆయన్ను స్మరించే అర్హత నాకు లేదు. అయినా రాయక తప్పదు.

ఇరవై ఏళ్లపాటు సత్తయ్య మన సినిమాల్లో గుంపులో ఒకరు. పెళ్లిలో అతిథి, ఆసుపత్రిలో రోగి, అన్నిటికంటే ఎక్కువగా అల్లర్లలో రాళ్లు రువ్వే మనిషి. సహాయ దర్శకుడిగా గుంపును నడిపించడం నా పని. ఆయన పరుగు బాగుంటుందని ఎప్పుడూ ముందు వరుసలో పెట్టేవాణ్ణి. ఒకసారి బస్సు కిటికీలో కూర్చున్న నటి వైపు విసరమంటే కదల్లేదు.

"థర్మాకోల్ రాయే గదయ్యా!" అని అరిచాను.

"థర్మాకోల్‌దైనా మనిషి దిక్కు ఇసరొద్దు సార్. చెయ్యికి అలవాటైతది."

యూనిట్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

సిటీ బస్సు ఛార్జీలు పెంచిన వారం ఫిల్మ్‌నగర్‌లో నిజంగానే రాళ్లు లేచాయి. ఆఫీసు మేడ మీద నుంచి చూస్తున్నాను. పొగలో బస్సు వైపు పరుగెత్తుతున్న సత్తయ్యను గుర్తుపట్టాను. కంటికి కనిపించింది అంతే. మిగతా షాట్ నా బుర్ర పూర్తి చేసింది. "చేతిలో ఏముంది?" అని ఆ అల్లర్లపై వేసిన కమిషన్ న్యాయవాది అడిగితే తడుముకోకుండా "రాయి" అన్నాను. సత్తయ్య పేరు పత్రికలకెక్కింది. ఏజెంట్లు ఆయన్ను షూటింగులకు పిలవడం మానేశారు.

తర్వాత ఆ బస్సు కండక్టరమ్మ సాక్ష్యం చెప్పింది. "నాకు నెత్తురు కారుతుంటే ఒకాయన లోపటికొచ్చి నన్ను భుజం మీదేసుకొని దించిండు. పేరడిగితే సత్తయ్య అంటరమ్మా అన్నడు."

"రాయి విసిరినవాడే భయపడి దించి ఉండొచ్చు కదా?" అన్నారు న్యాయవాది. నా మాట ఇంకా నిలిచే ఉంది. దాన్ని వెనక్కు తీసుకోగలిగింది నేనొక్కణ్ణే.

ఆ సాక్ష్యం విన్నాక బోరబండలో సత్తయ్య ఇంటికి వెళ్లాను. "గీ సారేనా నిన్ను చూసింది?" అని ఆయన భార్య లేచింది.

"ఊకో! కూసోండ్రి సార్. ఇరవై ఏండ్లు నాకు రాయిచ్చింది మీరే గద. కండ్లకు గట్లనే కనవడ్తది." సత్తయ్య నవ్వారు. ఆ వెంటనే గొంతు తగ్గించారు. "జర పోయి చెప్పుండ్రి. మీ నాయన రాళ్లేసిండా అని కాలేజీల మా బిడ్డను అడుగుతున్నరంట."

రేపే చెబుతానన్నాను. అబద్ధపు సాక్ష్యానికి కేసు పెడతారని భయం. ఆ రేపు నాలుగు నెలలు సాగింది. ఈలోగా ఆయనే వెళ్లిపోయారు. తనను వేలెత్తి చూపినవాడికి కుర్చీ వేసిన అలాంటి మనిషి ఈ పరిశ్రమలో నాకు మళ్లీ దొరకరు.

మంగళవారం కమిషన్ కార్యాలయానికి వెళ్లి, నా సాక్ష్యం తప్పని ప్రమాణపత్రం ఇచ్చాను. "ఆయన పోయారు కదండీ, ఇప్పుడెందుకు?" అన్నారు గుమాస్తా.

"నివేదిక ఇంకా రాలేదు కదండీ," అన్నాను.

నకలు తీసుకెళ్లి సత్తయ్య కూతురి చేతికిచ్చాను. రెండుసార్లు చదివి నాకే తిరిగిచ్చింది.

"మీరే చదువుండ్రి సార్. గట్టిగ. గల్లీల అందరు ఇనాలె."

వాకిట్లో నిలబడి, నా పేరుతో మొదలుపెట్టి, చదివాను.