తిరగని చుక్క

మొన్న సెలవులకు ఊరొచ్చి, సాయంత్రం ధవళేశ్వరం బ్యారేజీ మీద నడుస్తుంటే ఎదురుగా వచ్చిన వ్యాను హెడ్‌లైట్లు కళ్ళలో కొట్టాయి. అది పక్కనుంచి వెళ్ళాక కడియం నర్సరీ మొక్కల తడిమట్టి వాసన వచ్చింది. అప్పటికే నా చేయి దానంతటదే లేచి వెలుగుకు అడ్డం పడి ఉంది. నాగమణి మేడం గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఆవిడ రాజమండ్రిలో మా డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్. అంతర్వేది దగ్గర చేపలు పట్టే కుటుంబంలో పుట్టారు. ఎండకు మెరిసే నీళ్ళ మీద వలకు కట్టిన తేలే బెండ్లను పోల్చుకోవడానికి వాళ్ళ నాన్న కళ్ళకు చేయి అడ్డం పెట్టుకునేవారట. "టెలిస్కోపు పాఠం నాకు అక్కడే మొదలైందమ్మా" అనేవారు.

జంటగా ఉన్న నక్షత్రాల దగ్గర గ్రహాన్ని ఫొటో ఎలా తీస్తారని ఫైనలియర్లో ఒకరోజు అడిగాను. "చూపిస్తాను రా" అన్నారావిడ. మధ్యాహ్నం సెమినార్ హాలు కిటికీలన్నీ మూయించి, తన స్కూటీని, ఇంకో లెక్చరర్ స్కూటీని లోపలికి తోయించారు. రెంటి లైట్లూ వేసి, ఒకదాని పక్కన వెలిగించిన అగరొత్తిని నిలబెట్టారు. కొత్తగా పుట్టిన గ్రహం ఇంకా వేడితో వెలుగుతూ ఉంటుంది. ఆ నిప్పు దానికి బదులు.

"కనబడిందా?"

"లేదండి."

"ఒక లైటుకి బొటనవేలు అడ్డం పెట్టు."

పెట్టాను. రెండో లైటు కళ్ళలో పడుతూనే ఉంది.

"ఇదే చిక్కు. ఒకడి నోరు మూస్తే రెండోవాడు అరుస్తాడు."

రెండు చేతులూ చాచి రెండు లైట్లనూ కప్పాక, సన్నటి ఎర్రచుక్క కనబడింది. ఇంతలో ప్రిన్సిపాల్ గారు వచ్చి, "హాల్లో బళ్ళేంటండీ మేడం?" అన్నారు. "మీరూ చేతులు చాచండి సార్" అన్నారావిడ. ఆయన చాచారు. నిప్పు కనబడేదాకా కదల్లేదు.

ఆ చుక్క మీద ఇష్టమే నన్ను బెంగళూరులో పరిశోధనకు చేర్చింది. బొటనవేలికి బదులు అక్కడ టెలిస్కోపులో నక్షత్రాన్ని కప్పే చిన్న తెర ఉంటుంది. ఎంత కప్పినా అంచుల్లోంచి వెలుగు చిందుతుంది. జంట నక్షత్రాలు ఒకేలా ఉంటే, ఒకదాని చిందును అచ్చుగా తీసుకుని రెండోదాని బొమ్మలోంచి తీసెయ్యొచ్చు. అలా తీసేస్తుంటే ఒకసారి చుక్క మిగిలింది. గ్రహమే అనుకున్నాను. మా హెడ్ కూడా నమ్మి, సోమవారం అందరికీ చూపించమన్నారు. మొదటి ఫోన్ మేడం గారికే చేశాను.

ఆవిడ ఎంతో సంబరపడ్డారు. ఆ వెంటనే, "తిరిగిందా?" అన్నారు.

"ఏంటండీ?"

"గంటల తరబడి ఫొటోలు తీస్తారుగా. ఆకాశం తిరుగుతుంది, మీ మిషన్ లోపలి మచ్చలు తిరగవు. నువ్వు పంపిన పేపర్లోనే చదివాను. నిజం గ్రహమైతే చోటు మారాలి కదమ్మా."

తొందరలో నేను మొదట కాసేపు తీసిన ఫొటోలే చూశాను. మిగతావి వరసగా పెట్టి చూస్తే చుక్క ఉన్నచోటే ఉంది. గ్రహం కాదు, మిషన్ మచ్చ. మళ్ళీ ఫోన్ చేసి మేడం గారికి ఆ మాటే చెప్పాను.

"సోమవారం దాకా ఎందుకు, ఇవాళే చెప్పెయ్. నువ్వు చెబితే అదీ పనే. ఇంకొకళ్ళు పట్టుకుంటేనే తప్పు."

వెళ్ళి చెప్పాను. హెడ్ ఫొటోలన్నీ వరసగా చూశారు. తర్వాత, "ఎలా పట్టుకున్నారో అదే చెప్పండి సోమవారం" అన్నారు. చెబుతుంటే ఇద్దరు ముగ్గురు నవ్వారు, వాళ్ళతో నేనూ నవ్వాను. అప్పటినుంచి మా దగ్గర ఏ చుక్కకైనా అదే మొదటి పరీక్ష.

కొన్నేళ్ళకు వేరే జంట దగ్గర ఒక చుక్క నిజంగానే తిరిగింది. ల్యాప్‌టాప్ పట్టుకుని రాజమండ్రి వచ్చేశాను. రిటైరైన మేడం కళ్ళజోడు సర్దుకుని, స్క్రీన్ మీద దాని వెంటే వేలు జరిపారు. "తిరుగుతోందమ్మా" అన్నారు. ఇంకోసారి వేయించుకుని చూశారు. తర్వాత, ఆత్రేయపురం పూతరేకు నా చేతిలో పెట్టి, "ముందిది తిను. పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేవు" అన్నారు.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఇటీవల మా దగ్గరకు కొత్తగా వచ్చిన ఒకమ్మాయి, తన లెక్క తప్పిందని చెప్పడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "మీకెప్పుడైనా ఇలా అయిందా మేడం?" అంది. కుర్చీ జరిపి కూర్చోమన్నాను. సిగ్గుపడకుండా, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.