అన్నయ్య రెస్టారెంట్

అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో నేను వడ్డనకు చేరిన రెస్టారెంట్ ఓనర్‌ని అన్నయ్యా అనేదాన్ని. చేరిన రోజే కాంట్రాక్టర్ అగ్రిమెంట్ ముందుపెట్టి, "చదవడమెందుకమ్మా, నువ్వు మా ఇంటి పిల్లవి," అన్నాడు. అలాగే సంతకం పెట్టాను. ఎప్పుడు రావాలో, ఏ చొక్కా వేసుకోవాలో అన్నీ ఆయనే చెప్పేవాడు.

ఒకరోజు మరిగే సాంబారు పడి చెయ్యి కాలింది. ఆయన భార్య కన్నీళ్లు పెట్టుకుంటూ మందు రాసింది. ఆయన మాత్రం, "హాస్పిటల్ బిల్ నువ్వే పే చేసుకోవాలమ్మా, ఉద్యోగివి కాదు, కాంట్రాక్టర్‌వి కదా," అన్నాడు. చేతికన్నా కడుపు ఎక్కువ మండింది.

స్టేట్ లేబర్ ఆఫీసులో కంప్లయింట్ ఇచ్చాను. ఆయన చెప్పినట్టల్లా పనిచేశాను కాబట్టి, అగ్రిమెంట్‌లో ఏమున్నా నేను ఉద్యోగినేనని కొన్ని నెలలకు తేల్చారు.

ఆ సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. "మేడమ్, మీ బిల్స్ మా లాయర్‌కి పంపించండి."

సరే అన్నయ్యా అనబోయి, సరే సార్ అన్నాను.