వేరు పొయ్యి

మనుషులు కలిసి బతకడం ఎంత దండగ వ్యవహారమో నాకు ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది. అంతకుముందు, మొవ్వ దగ్గర మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ, ఒకే చూరు కింద పదిమంది ఉంటే అదేదో గొప్ప అనుకునేదాన్ని. బందరు వచ్చి మున్సిపల్ ఉద్యోగినిగా ఇళ్ళ కేటాయింపు పనిలో పడ్డాక ఆ అమాయకత్వం వదిలింది.

ఊరు పెరుగుతోందని మీటింగుల్లో అందరూ తెగ ఆనందపడుతుంటారు, పెరట్లో వేసిన సొరపాదు గురించి చెప్పుకున్నట్టు. పెరిగిన ఊరు రాత్రిపూట ఎక్కడ పడుకుంటుందన్నది మాత్రం ఎజెండాలో ఉండదు. పొలంలోకి ఉప్పునీళ్ళు ఎక్కి దివిసీమ నుంచి వచ్చినవాళ్ళు, పిల్లల చదువులని మా వైపు నుంచి వచ్చినవాళ్ళు, హంసలదీవి వైపు వేట వదిలేసి వచ్చినవాళ్ళు, అందరూ ఇక్కడికే. ఒక్క గదికి మధ్యలో చీర కట్టి రెండు సంసారాలు చేసేవాళ్ళని నేనే చూశాను. వాళ్ళందరి కోసమే ఊరి బయట పల్లపు చేలల్లో మట్టి తోలి కాలనీ కట్టారు. కట్టడం పూర్తయ్యేలోపు లబ్ధిదారులకంటే ముందు కప్పలు గృహప్రవేశం చేశాయి. వాటిని వెతుక్కుంటూ కొంగలు వచ్చాయి. మిగిలిన ఇళ్ళు మనుషులకి పంచాలి కదా, అందుకని నన్నూ నాలాంటి మరికొందర్నీ ఇల్లిల్లూ తిరిగి ఎంక్వయిరీ చెయ్యమన్నారు.

రూలు చాలా సులువు. ఒక కుటుంబానికి ఒక ఇల్లు, పట్టా లేకపోయినా ఉన్న కొంప లెక్కలోకే. అయితే కుటుంబమంటే ఏమిటన్న సందేహం ఎవరికో వచ్చింది. పెళ్ళయిన అన్నదమ్ములు ఒకే కొంపలో ఉంటే అది ఒక కుటుంబమా, రెండా? చాలా ఫైళ్ళు తిరిగాక పైనుంచి సమాధానం దిగింది. పొయ్యి వేరైతే కుటుంబం వేరు. ఇంతటి మాట భోంచేసి కుర్చీలో వెనక్కి వాలిన మనిషికి తప్ప తట్టదని నా నమ్మకం.

నాకు అప్పగించిన పేట కాలవ గట్టు పక్కన ఉంటుంది. రూలు సంగతి నాకంటే ముందే అక్కడికి చేరింది. నేను అడుగుపెట్టేసరికి పేటకి పేటే వేరుపడిపోయి ఉంది. ఆస్తి తగాదాల్లేవు, పెద్దమనుషుల పంచాయితీ లేదు, ఎవరి మొహంలోనూ కోపం లేదు. మొదటి ఇంట్లో ఒకాయన, తమ్ముడితో మాటల్లేవండీ, పొయ్యిలు ఎప్పుడో వేరైపోయాయి అని చెప్తుండగానే ఆ తమ్ముడే లోపల్నుంచి నాకూ వాళ్ళన్నయ్యకీ టీ తెచ్చి ఇచ్చాడు. ఇంకో ఇంట్లో అత్తాకోడళ్ళు నేను రాగానే ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు గానీ, ఇద్దరి మధ్యా ఒకటే చేట, అందులో ఇద్దరూ కలిసి వలుస్తున్న చిక్కుడుకాయలు. నాకు నవ్వొచ్చింది. వాళ్ళకీ వచ్చింది.

ఇక ఆ స్టవ్వు సంగతి. నీలం రంగు కిరసనాయిలు స్టవ్వు, ఒక కాలు వంకర, దాని కింద పెంకుముక్క ఎత్తు. మొదటి ఇంట్లో చూసినప్పుడు ఏమీ అనిపించలేదు. రెండో ఇంట్లో ఎక్కడో చూశానే అనుకున్నాను. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా వసారాలో అదే స్టవ్వు, అదే వంకర కాలు, అదే పెంకుముక్క. నేను ఇటు ముందు వీధిలో చెప్పులు వేసుకుంటుంటే, అటు దొడ్డిదారిన అది పక్కింటికి బయల్దేరేది. కిరసనాయిలు ఈ ఊళ్ళో కళ్ళజూసి ఎన్నాళ్ళయిందో. ఒత్తులు చూస్తే కొత్త పెళ్ళికొడుకు పంచెలా తెల్లగా ఉన్నాయి. అన్నేసి సంసారాలు మోస్తున్న ఆ స్టవ్వు పేరునే ఒక ఇల్లు శాంక్షన్ చేస్తే గొడవ వదిలిపోతుందని మా ఆఫీసరు గారితో అన్నాను. ఆయన నవ్వలేదు. పొయ్యి కనపడితే కనపడిందని రాయాలి, అది ఎవరిదని అడగమని రూల్లో లేదు అని చెప్పారు. నేను అలాగే రాశాను.

వీధి చివర, గట్టు మీద, పట్టా లేని స్థలంలో రెండు గదుల రేకుల ఇల్లు ఒకటి ఉంది. ఒక మామ్మగారు, వాళ్ళాయన బతికుండగా ఇద్దరూ కలిసి కట్టుకున్నది. ఇప్పుడు రెండు గదుల్లోనూ కొడుకూ కోడలూ ఉంటున్నారు. కొడుకు రోల్డుగోల్డు పనికి వెళ్తాడు. ఆదివారం చర్చిలో పిల్లలకి పాఠాలు చెప్తాడు, పది ఆజ్ఞల్లో తల్లిదండ్రుల సంగతి వచ్చిన దగ్గర గొంతు కొంచెం పెంచి మరీ చెప్తాడట. పేటలో ఎవర్నడిగినా తల్లిని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాడనే అన్నారు.

నేను వెళ్ళేసరికి అతను గుమ్మంలోనే ఎదురొచ్చి, కుర్చీ కూడా వెయ్యకుండా తిన్నగా పెరట్లోకి తీసుకెళ్ళాడు. అక్కడ తాటాకు చావిడి, అందులో ఒక నులకమంచం, మూడు ఇటుకల పొయ్యి. గోడంతా మసి. ఇన్ని ఇళ్ళు తిరిగాక నాకు మసి కనపడటం అదే మొదటిసారి. పొయ్యి మీద గిన్నెలో ఏదో కుతకుతలాడుతోంది.

"చూడండి మేడమ్ గారూ, మా అమ్మ వేరేగానే వండుకుంటుంది. నిన్నా మొన్నా కాదు, నాన్న పోయిన దగ్గర్నుంచీ ఇంతే" అన్నాడు. అతని గొంతులో సిగ్గు కోసం వెతికాను. ఇన్నాళ్ళూ పేటకి తెలియకుండా దాచుకున్న సంగతికి ఇవాళ రేటు పలికింది, అంతే. ఇల్లు ఆడవాళ్ళ పేరునే ఇస్తారు, తల్లి పేరున వస్తే అద్దెకి ఇచ్చుకోవచ్చు. తల్లి ఎలాగూ చావిట్లోనే ఉంటుంది. ఆ మాటా నాకు తనే చెప్పాడు, నన్ను ఇంటిమనిషి అనుకున్నట్టున్నాడు.

మామ్మగారు మంచం మీంచి లేచి, చెంగు నెత్తిమీదికి లాక్కుని, "వేరేంటమ్మా? మేమంతా కలిసే ఉంటాం. ఈ పొయ్యి నీళ్ళు కాచుకోడానికి" అంది. కాగుతున్న నీళ్ళు అన్నం వాసన వేస్తున్నాయి. ఆవిడ వెనక్కి జరిగి గిన్నెకి అడ్డంగా నిలబడింది.

నాకు తల తిరిగిపోయింది. కలిసున్నవాళ్ళందరూ విడిపోయామని అబద్ధం చెప్తుంటే విని రాసుకొచ్చాను. ఇన్నాళ్ళకి నిజంగా వేరైన మనిషి ఒక్కతి దొరికితే, ఈవిడ కలిసున్నామంటుంది. కొడుకుని బయటికి పంపించి, ఆవిడ పక్కన మంచం మీద కూర్చుని విడమరిచి చెప్పాను. ఇల్లు మీ పేరున వస్తుంది, తలుపుంటుంది, దానికి మీ తాళం ఉంటుంది, మీరు ఉంటానంటే ఉండొద్దనే హక్కు మీ అబ్బాయికి లేదు, ఒక్క మాట నిజం చెప్పండి చాలు అని. ఆవిడ అంతా విన్నది. వినీ విననట్టు కాదు, బాగానే విన్నది.

"నా కొడుకు నన్ను వేరు పెట్టాడని నా నోటితో నేను గవర్నమెంటుకి చెప్పుకోనా? అట్టా రాయమాకండమ్మా" అంది.

ఈలోగా చూరు కింద ఇరుగుపొరుగు చేరారు. కొడుకు మళ్ళీ లోపలికొచ్చి, అమ్మకి పెద్దతనం వల్ల మతి సరిగా ఉండటం లేదని, ఆవిడ మాట పట్టించుకోవద్దని మొదలుపెట్టాడు. మామ్మగారు నా వైపు తిరిగి, "భోజనం వేళే కదమ్మా. కావాలంటే కళ్ళారా చూసి వెళ్ళండి" అని, తొట్టి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, పెరటి గుమ్మం దాటి ముందుగదిలోకి వెళ్ళి పీట వాల్చుకుని కూర్చుంది. తను కట్టుకున్న ఇంట్లోకి ఎన్నాళ్ళ తర్వాత అడుగుపెట్టిందో నాకు తెలీదు. పీట ఎక్కడుంటుందో మాత్రం ఆవిడకి గుర్తుంది.

కోడలు మొగుడి వంక చూసింది. మొగుడు నా వంక చూశాడు. నేను నా బ్యాగు వంక చూసుకున్నాను. ఇప్పుడతను చెయ్యాల్సిందల్లా, మా అమ్మకి మేం అన్నం పెట్టమండీ అని అందరి ముందూ నోరు తెరిచి అనడం. ఆ ఒక్క ముక్క అంటే ఇల్లు చేతికొచ్చినట్టే. చూరు కింద వాళ్ళ చర్చివాళ్ళే నలుగురున్నారు. నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. కోడలు వంటింట్లోకి వెళ్ళి కంచంలో అన్నం, నెత్తళ్ళ చేపల ఇగురూ తెచ్చి పెట్టింది.

మామ్మగారు వెంటనే తినలేదు. కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. నేనూ ప్రార్థన చెయ్యకుండా అన్నం ముట్టని ఇంట్లో పుట్టినదాన్నే, కళ్ళు మూసుకోక తప్పలేదు. పొలాలకీ చెరువులకీ స్తోత్రం చెప్పింది, వంట చేసిన చేతులకి స్తోత్రం చెప్పింది, నా కొడుకు ఇంట్లో నా కొడుకు పెట్టిన ఈ అన్నానికి స్తోత్రం అని మరీ మరీ చెప్పింది. వీధి చివరిదాకా వినపడేట్టు చెప్పింది. ఆమెన్ అనాల్సి వచ్చి కొడుకూ అన్నాడు.

నలుగురి ముందూ ఆ కంచంలో తిన్నాక పొయ్యి వేరని రాయడానికి లేదు, నేను కలిసే ఉన్నారని రాశాను. రాస్తుంటే ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. వంకర కాలు స్టవ్వుకి అన్ని ఇళ్ళు రాసిన చెయ్యి ఇది. ఈ ముసలావిడకి ఒక్కటి రాయలేకపోయింది. ఒక్క పూట అన్నం కోసం, అదీ నలుగురూ చూస్తుండగా పెట్టిన అన్నం కోసం, తలుపూ తాళం ఉన్న ఇల్లు వదిలేసుకుంది. గుమ్మం దిగాను. ఏడుపు కూడా వచ్చింది. ఆ రెంటినీ ఏం చేసుకోవాలో తెలియక వెనక్కి తిరిగాను.

"ఇదిగోండి, కలిసి ఉన్నామన్న ఇళ్ళకి తనిఖీ ఉంటుంది. మధ్యాహ్నం పూట చెప్పకుండా వస్తాం. మామ్మగారు మీతో కలిసి తింటూ కనపడకపోతే తప్పుడు సమాచారం కింద మీ రేషన్ కార్డు ఆపేస్తారు" అన్నాను.

అలాంటి రూలు ఏ జీవోలోనూ లేదు. అయితే ఇన్నేళ్ళుగా అర్థంపర్థం లేని రూళ్ళు ఎంతమందికో అప్పజెప్పినదాన్ని, ఆ గొంతు నాకు బాగా అలవాటు. కొడుకు తలూపాడు. మామ్మగారు తలొంచుకుని కంచంలో చెయ్యి కడుక్కుంటోంది.

ఆ తర్వాత కాలనీ ఇళ్ళు పంచేశారు. పేటలో వేరుపడ్డ అన్నదమ్ములందరికీ వచ్చాయి. వచ్చాక ఎవరూ అక్కడికి వెళ్ళలేదు, ఎప్పటిలాగే గట్టు పక్కనే కలిసి ఉంటూ కాలనీ ఇళ్ళు అద్దెకిచ్చుకున్నారు. అద్దెకున్నది దివిసీమ నుంచి వచ్చినవాళ్ళు. నిజంగా ఇల్లు లేనిది వాళ్ళకే గానీ, వాళ్ళ కార్డుల్లో ఊరు వేరు, అందుకని లిస్టుకెక్కలేదు. చిక్కుడుకాయలు వలిచిన అత్తాకోడళ్ళు మాత్రం ఆ కొత్త ఇల్లు ఎవరిదన్న దగ్గర నిజంగానే పోట్లాడుకుని వేరైపోయారు. రికార్డుకి న్యాయం జరిగిందని మా ఆఫీసరు గారు సంతోషించారు.

నేను ఆ వైపు పనున్నా లేకపోయినా మధ్యాహ్నాలు తనిఖీకి వెళ్తూనే ఉన్నాను. మొదట్లో నా స్కూటీ చప్పుడు వినపడగానే లోపల కంచాల గలగల మొదలయ్యేది. కోడలి మొహంలో నా మీద విసుగు దాగేది కాదు, నాకు ఫరవాలేదు. కొన్నాళ్ళకి గలగల తగ్గింది. నేను వెళ్ళేసరికే మామ్మగారు పీట మీద ఉండేది. ఒకసారి కోడలు నా వంక చూడకుండానే ఆవిడకి మారు వడ్డించింది. పెరట్లోకి తొంగిచూస్తే చావిట్లో మూడు ఇటుకల మధ్య కోడి పొదగడానికి కూర్చుంది. కొడుకు మాత్రం నాతో ఇప్పటికీ మాట్లాడడు.

నాకు గుడివాడ ట్రాన్స్‌ఫర్ అయింది. వెళ్ళేముందు చివరి తనిఖీకి వెళ్ళాను. అందరూ తింటున్నారు. రాసుకునేది ఏమీ లేకపోయినా ఏదో రాసుకుని లేచాను. మామ్మగారు చెయ్యి కడుక్కుని, కాలవ మలుపు దాకా నాతో వచ్చింది. గుడివాడ దూరమా అని అడిగింది. మధ్యాహ్నం పూట వచ్చి వెళ్ళేంత దగ్గర కాదని చెప్పాను.

"మీ తర్వాత వచ్చే ఆవిడకి ఆ రూలు చెప్పి వెళ్ళండమ్మా. పుస్తకంలో ఉండదు కదా, ఆవిడకి తెలీదు" అంది.

మర్నాడు నా స్థానంలోకి వచ్చిన అమ్మాయికి ఛార్జి అప్పగించాను. లేఅవుట్లు, కోర్టు కేసులు, నీళ్ళు నిలిచే వీధులు అన్నీ చెప్పి, చివర్లో ఆ రేకుల ఇంటి తనిఖీ గురించి కూడా చెప్పాను. శ్రద్ధ గల పిల్ల, అన్నీ రాసుకుంటోంది.

"ఇది ఏ జీవోలో ఉందండీ?" అని అడిగింది.

"చాలా పాతదమ్మా. వెతికితే దొరకదు గానీ, అమల్లో ఉంది" అన్నాను.