తెలకపల్లిలో రాని బొమ్మ

మొన్న మా కోడలు కొత్త టీవీ పెట్టె విప్పితే, చుట్ట చుట్టి పెట్టిన నల్ల కేబుల్ నుంచి కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలిందంటే చాలు, మెహరున్నీసా ఆపా వచ్చి నా ఎదుట నిలబడుతుంది. అచ్చంపేటలో డీవీడీ ప్లేయర్లు, టీవీ కేబుళ్లు అమ్మే చిన్న దుకాణం ఆమెది. భర్త పోయాక దుకాణం మూసేయమని చుట్టాలంతా చెప్పినా, ఇల్లు దాటకూడని ఇద్దత్ గడువు తీరిన మరునాడే షట్టరెత్తిన మనిషి. మూడో తరగతితో బడి మానేసి, పెళ్లై అత్తారింట్లో ఉన్న నన్ను పనిలో పెట్టుకుంది.

అక్షరాలు కూడబలుక్కునే దానికి కేబుల్ కొసన ఉండే పిన్నుల సంగతి ఏం తెలుస్తుంది? ఆపా రంగులతో నేర్పింది. పసుపుపచ్చది బొమ్మకు, ఎరుపూ తెలుపూ చప్పుడుకు. మొదటిరోజే నేను పసుపుపచ్చ పిన్ను తెల్లదాంట్లో దూర్చాను. టీవీ బుర్రుమంది. "ఏందే చంద్రీ, బొమ్మను చెవులల్ల పోస్తవా?" అని పడీపడీ నవ్వి, పదిసార్లు తీయించి పదిసార్లు పెట్టించింది. తర్వాత పలుచటి టీవీలు వచ్చాయి. మూడు పిన్నుల పనీ ఒక్క హెచ్‌డీఎంఐ కేబులే చేసేది. "ఇది మొండిది. పాతదైతే గీతలు గీతలుగనన్న చూపిచ్చేది. ఇది వస్తే సక్కగొస్తది, లేకుంటే మొత్తానికే రాదు" అనేది ఆపా.

తెలకపల్లిలో ఒక కాంట్రాక్టరు ఇంటికి నేనొక్కదాన్నే పోయి అలాంటి టీవీకీ ప్లేయరుకూ కేబుల్ పెట్టి, బొమ్మ చూపించి వచ్చాను. మరునాడు పొద్దున్నే ఆయన దుకాణం ముందు నిలబడి బజారంతా వినేట్టు అరిచాడు. "ఆడోళ్లను పంపితే గిట్లనే ఉంటది! నా టీవీ ఖరాబ్ చేసిపోయింది. బిడ్డ ఓణీల ఫంక్షన్ వీడియో సూద్దామని ఇంటినిండ చుట్టాలు కూసున్నరు, బొమ్మ లేదు!" ఆ అరుపు విని మా బావ, అంటే ఇంట్లో పెత్తనం చేసే మా ఆయన అన్న, అక్కడికే వచ్చాడు. "తప్పు నీదని తేలితే రేపటి సంది నువ్వు గడప దాటేది లేదు" అన్నాడు. "ఆపా, నేనే ఏమన్న తప్పు చేసిన్నేమో" అన్నాను. "సూడకముందే ఒప్పుకుంటవా? నడువ్!" అని షట్టరు దించి నన్ను ఆటో ఎక్కించింది.

గదినిండా చుట్టాలు. ఆపా కేబుల్ ఊడబీకి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసింది. పిన్ను మూతి నిండా పసుపు, దాని మీద ఎర్రగా కుంకుమ, గట్టిగా ఎండిపోయి ఉన్నాయి. "ఇదేందమ్మా?" అని అడిగితే ఇంటావిడ మెల్లగా చెప్పింది. "కొత్త సామాను గద, నిన్న ఈమె పోయినంక పూజ చేసినం. టీవీకి పెట్టినం, ప్లేయరుకు పెట్టినం. వైరును తీసి దానికి గూడ పెట్టినం."

"పెట్టుకోండ్రి తల్లీ, మంచిదే. గని బొట్టు నొసటికి పెడ్తరు, నోట్లె పెడ్తరా?"

చుట్టాలంతా గొల్లుమన్నారు. కాంట్రాక్టరు మాత్రం నవ్వలేదు. "సరే సరే, జల్ది తుడిచియ్యి" అన్నాడు. ఆపా కేబుల్ నా చేతిలో పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేను తుడువ. ఆమె తుడుస్తది. బజార్ల ఆమెను అన్న మాట ముందుగాల వాపస్ తీసుకో. గీ చుట్టాల ముందరనే."

"పనిదానికి నేను చెప్పాల్నా?"

"చెప్పకుంటే పోనీ. మేం పోతం. మొగోన్ని పిలిపిచ్చుకో."

ఆపా కుర్చీలోంచి లేచింది. చివరికి ఇంటావిడే "అనుండ్రి, ఏమైతది?" అంది. ఆయన గోడ వైపు చూస్తూ అన్నాడు. "తప్పు నీది గాదమ్మా. జర పెట్టు."

నేను కుంచెతో, స్పిరిట్‌తో పిన్ను తుడిచి, ఆరనిచ్చి పెట్టాను. టీవీ నిండా ఓణీలో ఆ పిల్ల నవ్వుతూ కనబడింది.

ఇంటికి పోయేసరికి బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన నోరు తెరవకముందే నేనే అన్నాను. "తప్పు నాది గాదు బావా. రేపు పొద్దుగాల దుకాణానికి పోత." అప్పటిదాకా ఆయన ముందు నా గొంతు లేచింది లేదు. ఆయన ఏదో గొణిగి లోపలికి పోయాడు. మరునాడు పోయాను, ఆపైన పదకొండేళ్లు పోయాను.

ఆపా ఇప్పుడు లేదు. ఆ దుకాణమూ లేదు. కానీ నా మీద ఎవరు తప్పు మోపినా ఇవాళ్టికీ తల దించను. ముందు ఆ సామాను వెలుతురులోకి తెమ్మంటాను.