ఒక చివర రాయని చీటీ

ఇందుమూలముగా నరసరావుపేట ప్రజలకు, ముఖ్యంగా మా కాలేజీ ఆఫీసులో కాలుపెట్టే వారందరికీ తెలియజేయడమేమనగా: సోమవారం నుంచి రెండో అంతస్తు ప్రింటరు ఎవరి మాటా వినడం లేదు. కాగితాలు మార్చాం, బతిమాలాం, గుమాస్తా అయితే నెత్తిన రెండు మొట్టాడు కూడా. ఫలితం లేదు. దాన్ని దారిలో పెట్టే మనిషి ఆదివారం పొద్దున గుండె ఆగి పోయారు.

ఆయన మా నెట్‌వర్క్ సారు. నేను ఆ కాలేజీలోనే ఎలక్ట్రీషియన్ని. పదో తరగతి రెండుసార్లు రాసి, రెండుసార్లూ ఉత్త చేతులతో ఇంటికి వచ్చినవాణ్ణి. సారు గోడకు బెజ్జం కొట్టమంటే కొట్టాను, తీగ లాగమంటే లాగాను. ఇప్పుడు ప్రిన్సిపాలు గారు సారు నెట్‌వర్క్ గది తాళంచెవి నా చేతిలో పెట్టి, "కొత్తాయన వచ్చేదాకా నువ్వే చూసుకోవయ్యా" అన్నారు. ఇన్నేళ్ళూ ఆయన వెనక నిచ్చెన మోశాను గానీ, ఆ గదిలో ఉన్న పెట్టెల్లో ఏం జరుగుతుందో నాకు ఇప్పటికీ అయోమయమే.

ఆయన చెప్పక కాదు. నిచ్చెన కింద నిలబడి పాఠం చెప్పేవారు.

"ఐపీ అడ్రసంటే ఏంది సార్?"

"డోర్ నంబరు రా. ఇల్లు మారితే నంబరు మారిద్ది."

"మరి మ్యాక్ అడ్రస్సో?"

"పుట్టుమచ్చ. యాడికి పోయినా నీతోనే వచ్చిద్ది."

"పుట్టుమచ్చ ఉండగా మళ్ళీ డోర్ నంబరెందుకు సార్?"

"పోస్టుమాను నీ చొక్కా ఇప్పి చూసి ఉత్తరం ఇస్తాడంట్రా, ఎదవా?"

గేట్‌వే అంటే బస్టాండట. మన వీధిలో మనిషి దగ్గరికైతే నడిచిపోతాం, మాచర్ల పోవాలంటే మాత్రం బస్టాండుకు రావాల్సిందేనట. డీఎన్ఎస్ అంటే, పేరు చెబితే ఇంటి నంబరు చెప్పే టీకొట్టు మనిషట. "టీకొట్టు కట్టేస్తే?" అన్నాను. "ఇల్లు యాడికీ పోదురా. నీకే దారి తెలవదు" అన్నారు. పైన ఉన్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉండేది. నిచ్చెన దిగేసరికి బస్టాండులో పుట్టుమచ్చ, టీకొట్టులో డోర్ నంబరు, అన్నీ కలిసిపోయేవి.

పొద్దున రాగానే ఆయన హాజరు వేసేవారు. పిల్లలకు కాదు, కంప్యూటర్లకు. కుర్చీలో కూర్చుని ఒక్కోదాన్నీ పింగ్ చేసేవారు. పింగ్ అంటే పిలవడం. ఒకనాడు ఇదే ప్రింటరు పలకకపోతే "చచ్చింది సార్" అన్నాను. "నోరు కడుక్కోపో. పలకనంత మాత్రాన చచ్చినట్టు కాదు. తీగ ఊడుండొచ్చు, కరెంటు పోయుండొచ్చు" అన్నారు.

ఇంకో అలవాటు, చీటీలు. ప్రతి తీగకూ రెండు చివర్లా కాగితం చుట్టి టేపు వేసేవారు. ఒకదాని మీద ఎక్కణ్ణుంచో, రెండోదాని మీద ఎక్కడికో. "చీటీ లేని తీగ తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లకాయరా" అనేవారు.

ఇక నా ఘనకార్యం. ఒకసారి ఆయన "నా నెట్‌వర్కు పడుకోవడమంటూ జరగదు" అన్నారు. గొప్పలు వింటే నాకు చేతులు దురద. తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్చి అనే పెట్టెలో ఒకే తీగ రెండు చివర్లూ గుచ్చితే ఏమవుతుందో ఆయనే చెప్పి ఉన్నారు: మాట బయటికి పోకుండా అందులోనే తిరిగి తిరిగి, ఊళ్ళో పుకారులాగా పెరిగి, చివరికి ఎవరి మాటా ఎవరికీ వినపడదట. మూర పొడుగు నీలం తీగ ఒకటి అట్లాగే గుచ్చి, టీ తాగడానికి పోయాను. టీ తాగొచ్చి తీసేద్దామనే.

ఆ రోజు హాల్‌టికెట్లు ఇచ్చే రోజని నాకు తెలియదు. వచ్చేసరికి వరండా అంతా పిల్లలు. లోపల పెట్టెల మీది దీపాలన్నీ ఒక్కసారే పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి. సారు చెమటలు కక్కుతూ ఒక్కో తీగా పీకి చూస్తున్నారు. ప్రిన్సిపాలు గారు అందరి ముందే "ఇంత అనుభవం ఉండి ఇదేనా మీ పని?" అన్నారు. చివరికి నీలం తీగ సారు చేతికి వచ్చింది. దాన్ని చూశారు. నన్ను చూశారు. "నాదే పొరపాటు సార్" అన్నారు ప్రిన్సిపాలుతో. నేను టీ గ్లాసులో అడుగున మిగిలింది తాగేశాను.

తర్వాత ఆయన ఆ మాటే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మొన్న శనివారం ఆసుపత్రిలో చేర్చారని తెలిసి పోయి, మంచం పక్కన కూర్చుని, "సార్, ఆ నీలం తీగ పెట్టింది నేనే" అని చెప్పేశాను. ఆయన నవ్వారు. "తెలుసులేరా. స్విచ్చి మీద నీ టీ గ్లాసు మరకుంది" అన్నారు.

నిన్న గది తెరిచాను. తలుపు వెనక మేకుకు ఆ నీలం తీగ వేలాడుతోంది, రెండు చివర్లా చీటీలతో. ఒకదాని మీద ఆయన గుండ్రటి అక్షరాల్లో "ఎక్కణ్ణుంచి: ఈ స్విచ్చి" అని ఉంది. రెండోదాని మీద "ఎక్కడికి:" అని రాసి వదిలేశారు. ఏ చీటీనీ ఖాళీగా వదలని మనిషి. అది ఎవరి పనో తెలియక వదిలారా, తెలిసే నా కోసం వదిలారా? ఎంత చూసినా బుర్రకు ఎక్కలేదు.

ఎందుకంటే నేను ఆసుపత్రికి పోయానన్నది అబద్ధం. శనివారం నేను రొంపిచర్లలో పెళ్ళి పందిరికి లైట్లు కడుతున్నాను. సారును ఆసుపత్రిలో చేర్చారని ఫోను వచ్చింది. రేపు పోదాంలే అనుకున్నాను. ఆ నవ్వు, ఆ టీ మరక, నేను పెట్టుకున్నవే. తీగ మాత్రం నిజం. ఆ ఖాళీలో నా పేరు రాద్దామని పెన్ను తీశాను. చీటీ పైన ఆయన వేసిన టేపు ఉంది, దాని మీద పెన్ను పడటం లేదు.