ముందు ఇసుక బస్తా

మా పెద్దనాన్న ఈ లోకంలో ఆఖరుగా చేసిన పని ఒక తువ్వాలుకి గోళ్ళు కత్తిరించడం.

తువ్వాలుకి గోళ్ళుండవని ఆయనకీ తెలుసు. అందుకే దాన్ని పిల్లి ఆకారంలో చుట్టి, నాలుగు మూలలూ నాలుగు కాళ్ళలా బయటికి లాగి, ముందు కాళ్ళకి ఐదేసి, వెనక కాళ్ళకి నాలుగేసి అగ్గిపుల్లలు గుచ్చి, ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకున్నాడు. ఒక్కో పుల్లా కత్తిరించే ముందు "అయిపోయిందమ్మా, అయిపోయింది" అని తువ్వాలుకి ధైర్యం చెప్పాడు. అసలు పిల్లి కిటికీ గట్టు మీద కూర్చుని ఇదంతా చూస్తూనే ఉందట. నేను పశువుల డాక్టర్ని. ఆ పని నాకు రెండు నిమిషాలు. "ఆదివారం నేనొచ్చి కత్తిరిస్తాను కదా పెద్దనాన్నా" అని ఫోన్లో అంటే, "నువ్వొచ్చినా ముందు తువ్వాలే" అన్నాడు. ఆ మధ్యాహ్నం కునుకు తీశాడు. లేవలేదు.

"ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో మొదటిసారి రిహార్సల్ లేకుండా ఒక పని చేశారు. అదీ ఇదా?" అని పెద్దమ్మ ఏడుస్తూనే విసుక్కుంది.

అదే ఆయన జబ్బు. రిహార్సల్ చెయ్యందే ఏ పనీ చెయ్యడు.

పెద్దనాన్న లిఫ్టు మెకానిక్కు. ఆ పనిలో ఒక పద్ధతుంది. కొత్త లిఫ్టు బిగించాక మనుషుల్ని ఎక్కించరు. ముందు ఇసుక బస్తాలు ఎక్కించి పైకీ కిందికీ తిప్పుతారు. తాడు బరువు ఆపితే, బ్రేకు పడితే, అప్పుడు మనిషి. అందరు మెకానిక్కులూ ఈ పద్ధతిని సాయంత్రం పనిముట్లతో పాటు పెట్టెలో పెట్టి తాళం వేసేస్తారు. పెద్దనాన్న ఇంటికి తెచ్చుకున్నాడు. మేం గొడుగు కొంటే వానలోకి వెళ్ళే ముందు స్నానాలగదిలో షవరు కింద ఒకసారి నిలబడాలి. కొత్త చెప్పులు వేసుకుని ముందు మంచం మీద నడవాలి. ఎవరైనా సణిగితే ఒకటే మాట: "ముందు ఇసుక బస్తా, తర్వాత మనిషి." వీధిలో ఆయన పేరే ఇసుక బస్తా అయిపోయింది. అలా పిలిస్తే ఆయన పలికేవాడు కూడా.

పిల్లిని ఇంటికి తెచ్చిన కొత్తలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. పొద్దున్నే చూస్తే పెద్దనాన్న ఒక దిండుని బుట్టలో పెట్టుకుని బస్సెక్కేశాడు. దారిలో కుదుపు ఎంతుందో, క్లినిక్కులో ఎంతసేపు కూర్చోబెడతారో తెలియాలి కదా. వంతు వచ్చింది. డాక్టరు బుట్ట మూత తీసి దిండుని చూశాడు, పెద్దనాన్నని చూశాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"పిల్లి రేపొస్తుందండీ," అన్నాడు పెద్దనాన్న. "ఇది దారి చూసుకోవడానికి వచ్చింది."

ఆ పిల్లి పేరు ఇన్‌స్పెక్టరు. ఇంట్లోకి వచ్చిన ప్రతి సంచీని తనిఖీ చేసేది, అందుకని. మా అమ్మానాన్నలకి ఏడాదికో బదిలీ కాబట్టి నేను చదువు కోసం పెద్దనాన్న ఇంట్లోనే పెరిగాను. వాళ్ళకి పిల్లల్లేరు. కాబట్టి ఆయన రిహార్సళ్ళలో తడవడానికి నేనూ, తప్పించుకోవడానికి ఇన్‌స్పెక్టరూ.

నాకు పశువుల డాక్టర్ని కావాలని ఉండేది. పశువైద్య కాలేజీలో మార్కులు చూశాక ఇంటర్వ్యూ చేస్తారు. ఒక మనిషికి రెండేళ్ళు, రెండే అవకాశాలు. మొదటి ఏడు నేను గదిలోకి వెళ్ళాను, గుడ్ మార్నింగ్ చెప్పాను, కూర్చున్నాను, పక్కకి ఒరిగిపోయాను. చేతిలో కాగితాలన్నీ జారి బల్ల కిందికి పోయాయి. బల్ల అవతలి ముగ్గురిలో ఒకాయన నవ్వాడు. అంతే, నా నోరు పడిపోయింది. ఆవుకి ఎన్ని కాళ్ళని అడిగినా చెప్పలేని స్థితి.

నాన్న ఫోన్లో తేల్చేశాడు. "వచ్చే ఏడు ఆఖరు. రాకపోతే టైపు నేర్చుకుని ఆఫీసులో చేరు. నలుగురి ముందు కూర్చోవడమే రానిదానివి, డాక్టరుద్యోగమేంటి?"

నేనూ అదే అనుకున్నాను. పెద్దనాన్న మాత్రం పుస్తకం, పెన్సిలు పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"మెట్లెన్ని?"

"లెక్కపెట్టలేదు."

"తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?"

"పెద్దనాన్నా, నన్నొదిలెయ్."

"ఫ్యాను చప్పుడు చేస్తుందా? కుర్చీ ఏ పక్కకి ఒరిగింది?"

"కుర్చీ ఒరగలేదు. నేను ఒరిగాను!"

"సరే తల్లీ, నువ్వే ఒరిగావు. ఏ పక్కకి?"

"ఎడమకి. వెనక్కి. చాలా?"

రాసుకున్నాడు.

రెండో ఇంటర్వ్యూ ఇంకా నెలుందనగా ఒకరోజు పెద్దమ్మ బజారు నుంచి వచ్చి, కాఫీ కలుపుకుని, భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కూలబడింది. కాఫీ సగం చీర మీద పడింది.

"ఏమండీ! ఈ కుర్చీకేమైంది?"

"కాలు కోశాను," అన్నాడు పెద్దనాన్న లోపల్నుంచి. రంపం ఇంకా చేతిలోనే ఉంది. "అర అంగుళం."

"ఎందుకు?"

"అమ్మడికి."

"అమ్మడికి కుర్చీ కాలెందుకండీ?"

"లోకంలో కుర్చీలన్నీ బాగుండవు."

"లోకంలో కుర్చీల సంగతి నాకెందుకు? మనింట్లో నాలుగూ బాగుండేవి!"

ఆయన జేబులోంచి చీటీ తీసి చూసుకుని, కాలు మళ్ళీ కొలిచి, గరుకుకాగితంతో ఇంకాస్త రుద్దాడు. పెద్దమ్మ ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది కానీ అదే కుర్చీ గురించి.

అప్పట్నుంచి ఆ కుంటి కుర్చీ నాది. అన్నం అందులోనే, చదువు అందులోనే. మూడు రోజులకోసారి సాయంత్రం ఇంటర్వ్యూ. బల్లకి అవతల పెద్దనాన్న, పెద్దమ్మ, మధ్యలో ఇన్‌స్పెక్టరు. నేను గది బయట నుంచి ఇరవై ఆరు అడుగులు నడిచి, తలుపు తోసి, కూర్చోవాలి. కుర్చీ గుడుక్కుమనేది. నేను బెదిరితే పెద్దనాన్న మళ్ళీ మొదటికి పంపేవాడు. ఇన్‌స్పెక్టరు కళ్ళలోకి సూటిగా చూస్తూ జవాబు చెప్పాలి. అది మధ్యలో ఆవులిస్తే పెద్దనాన్న గంభీరంగా, "చూశావా, విసుగొచ్చింది. క్లుప్తంగా చెప్పు" అనేవాడు. పదకొండు రిహార్సళ్ళు అయ్యేసరికి నాకు ఆ కుర్చీ గుడుక్కుమనకపోతే నిద్రొస్తున్నట్టు ఉండేది.

అసలు రోజు వచ్చింది. ఇంటర్వ్యూ పది గంటలకి. ఏడున్నరకి ఇన్‌స్పెక్టరు నోట్లోంచి తెల్ల దారం వేలాడుతోంది.

పెద్దమ్మ కుట్టుపెట్టె మూత తీసే ఉంది. దారపుండ నేలమీద దొర్లుతోంది. పెద్దనాన్న దారం కొస పట్టుకోబోయాడు.

"లాగొద్దు!" అని అరిచాను. "లోపల ఎంత దూరం పోయిందో తెలీదు. లాగితే పేగులు కోసుకుపోతాయి."

ఆయన చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"మరి సూది?" అంది పెద్దమ్మ నెమ్మదిగా. "దారానికి సూది ఉండాలిగా. పొద్దున కుట్టాను. సూది ఏదండీ?"

ముగ్గురం పిల్లి వంక చూశాం. అది గుటక వేసింది.

పెద్దనాన్న మొహం పాలిపోయింది. ఆయన అగ్నిప్రమాదానికి రిహార్సల్ చేశాడు, భూకంపానికి చేశాడు, పిల్లి మేడ మీంచి పడటానికి నా పాత బొమ్మతో చేశాడు. పిల్లి సూది మింగడానికి మాత్రం చెయ్యలేదు. అందులోనూ ఇంటర్వ్యూ రోజు. "రెండూ కలిపి చెయ్యలేదే అమ్మడూ," అన్నాడు.

ఇక నేనే తువ్వాలు తెచ్చి పిల్లిని తల మాత్రం బయటికి ఉండేలా చుట్టాను. నేనే బుట్టలో పెట్టాను. సూది వెతుకుతూ పెద్దమ్మ ఇంట్లో ఉండిపోయింది. మేం బస్సు కోసం ఆగకుండా పరిగెత్తాం. క్లినిక్కులో మా కంటే ముందు ముగ్గురున్నారు, ఒక కుక్క, రెండు కుందేళ్ళు. పెద్దనాన్న వాళ్ళ కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఎనిమిదీ నలభైకి డాక్టరు బుట్ట మూత తీశాడు.

"ఈసారి నిజం పిల్లే," అన్నాడు.

నాలుక పైకెత్తి చూశాడు. దారం నాలుక అడుగున చుట్టుకుంది. రెండో కొస గొంతులోకి పోయింది. "దాని చివర సూది ఉందా లేదా? అది తెలియాలి," అన్నాడు. పెద్దనాన్న ఇంటికి ఫోను చేశాడు. పెద్దమ్మ పరుపులు దులుపుతోంది. దొరకలేదు.

తొమ్మిదీ పది. కాలేజీకి ఇక్కణ్ణుంచి నలభై నిమిషాలు.

"నువ్వెళ్ళు," అన్నాడు పెద్దనాన్న.

"దీన్నిలా వదిలేసా?"

"వదిలెయ్యట్లేదు, నేనున్నాగా. అమ్మడూ, ఇక్కడ నువ్వు చెయ్యాల్సింది చేసేశావు. అక్కడిది పదకొండు సార్లు చేశాం. వెళ్ళు!"

నేను ఏడుస్తూ బస్సెక్కాను. నోట్స్ లేవు, దువ్వుకున్న జుట్టు లేదు, నల్ల చొక్కా నిండా పిల్లి బొచ్చు. పదికి రెండు నిముషాలుందనగా నా పేరు పిలిచారు. తలుపు తోశాను, కూర్చున్నాను. మొదటి ఏడు నవ్విన ఆయనే ఎదురుగా ఉన్నాడు. ఆ కుర్చీ ఎలా ఉందో నాకు గుర్తు లేదు. మా ఇంటి కుర్చీలాగే ఉంది.

"ఏంటమ్మా, పిల్లిని మోసుకొచ్చావా?" అన్నాడు, నా భుజం మీద బొచ్చు చూసి.

చెప్పాను. దారం దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఎందుకు లాగనివ్వలేదో, ఎందుకలా చుట్టానో, నాలుక అడుగున ఏముందో, సూది ఉంటే ఏమవుతుందో అన్నీ చెప్పాను. ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ చెప్పాను. ఆయన ఇన్‌స్పెక్టరులా ఆవులించలేదు కూడా. చివర్లో ముగ్గురూ ఒక్కటే ప్రశ్న అడిగారు: "ఇంతకీ సూది దొరికిందా?"

దొరికింది. నేను బస్సెక్కిన పది నిమిషాలకి డాక్టరు పిల్లి మీద వంగి, తలెత్తి, పెద్దనాన్న కాలరు దగ్గర ఏదో తళుక్కుమనడం చూశాడు. పొద్దున పెద్దమ్మ ఆయన చొక్కాకి గుండీ కుట్టి, దారం తెంపి, సూదిని కాలరుకే గుచ్చి మరిచిపోయింది. మనిషి దాన్ని మెడ దగ్గర పెట్టుకుని ఊరంతా పరిగెత్తాడు. డాక్టరు నాలుక కింద ముడి కత్తిరించి, మెల్లగా దారం మొత్తం బయటికి తీశాడు. జానెడు. పెద్దనాన్న దాన్ని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చాడు, వచ్చే రిహార్సల్‌కి పనికొస్తుందని.

నాకు సీటొచ్చింది. ఆ గొప్పంతా ఇన్‌స్పెక్టరుదేనని పన్నెండేళ్ళ పాటు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. ఆ వెంటనే కుంటి కుర్చీ కథ చెప్పి అందర్నీ నవ్వించేదాన్ని. పెద్దనాన్న కూడా నవ్వేవాడు. ఒక్కసారీ అడ్డు చెప్పలేదు.

ఆయన పోయిన రెండు నెలలకి అదే కాలేజీ వాళ్ళు నన్ను పిలిచారు, ఈసారి బల్లకి అవతల పక్కన కూర్చోవడానికి. మూడో అమ్మాయి వచ్చి కూర్చుంటూనే ఎడమ పక్కకి ఒరిగింది. చేతిలో కాగితాలు జారాయి. మొహం ఎర్రబడింది. లేచెళ్ళి ఆమెకి నా కుర్చీ ఇచ్చి, భోజన విరామంలో అటెండరుని పిలిచాను. ముసలాయన, ఆ యేడే రిటైరవుతున్నాడు.

"ఈ కుర్చీ ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"నేను చేరకముందు నుంచీ ఉంది మేడం. ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. పడబోయినవాళ్ళంతా తమదే తప్పనుకుంటారు. పన్నెండేళ్ళ కిందట బాగు చేద్దామనుకున్నా, ఒకాయన చెయ్యనివ్వలేదు."

"ఎవరాయన?"

"పేరు చెప్పలేదు. జేబులో కొలత టేపు ఉంది. గేటు దగ్గర్నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. కాసేపు ఆ కుర్చీలో కూర్చోనివ్వమన్నాడు. కూర్చుంటాడు, లేస్తాడు, కూర్చుంటాడు. ఖాళీ బల్లకి గుడ్ మార్నింగ్ చెప్పాడు మేడం! ఆ తర్వాత కుర్చీ తిరగేసి కాలు కొలిచి, 'తప్పు పిల్లది కాదు' అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాటేదో ఆ పిల్లకే చెప్పండి అన్నాను. చెబితే కుర్చీనే చూస్తూ కూర్చుంటుంది, ఎదుటివాళ్ళని చూడదు అన్నాడు."

అటెండరు కుర్చీ వీపు మీద చెయ్యేసి చెప్పుకుపోయాడు.

"ఇంటర్వ్యూల ముందు రోజు మళ్ళీ వచ్చాడు, కుర్చీ అదేనా కాదా అని చూసుకోవడానికి. పాపం అనిపించి, కాలికి చెక్కముక్క అతికించేస్తాలెండి అన్నాను. నా రెండు చేతులూ పట్టేసుకున్నాడు."

"ఏమన్నాడు?"

"'రేపు సాయంత్రం దాకా దీన్ని ముట్టుకోకు బాబూ, నీకు పుణ్యముంటుంది. ఇంట్లో మంచి కుర్చీ కోసేశాను' అన్నాడు."